జీతం లేని కొలువు

(ఇంజనీర్ల దినోత్సవం నాడు మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెప్టెంబర్ 15 కాబట్టి విశ్వేశ్వరయ్య గారి గురించి మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. ఆయన గురించి మీరు ప్రతి ఏడూ వింటున్నారు. 1861లో పుట్టారనీ, పూర్వీకులు మన మోక్షగుండం వారనీ, 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చాక నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించిందనీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచే వచ్చాయనీ మనవళ్లు కూడా అప్పజెబుతారు. తెలంగాణలో ఉన్న మన మిత్రులు 2014 నుంచి జూలై 11న నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారి పుట్టినరోజు కూడా జరుపుకుంటున్నారు. ఇద్దరికీ దండం పెట్టి, నేను ఈరోజు వేరే సంగతి చెప్పుకుంటాను. పెద్దల సంగతి కాదు, నా సంగతే. క్షమించాలి.

నేను బోర్డులో 38 ఏళ్లు పనిచేశాను. ఆ సర్వీసు లెక్క నా పెన్షన్ పేపర్లలో ఉంది. దానితో పాటే ఇంకో ఉద్యోగం 30 ఏళ్ల పైన చేశాను. దానికి జీతం లేదు, టీఏ లేదు, ఇంక్రిమెంటు లేదు, రిటైర్మెంటూ లేదు. అదే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ లోకల్ సెంటర్ పని. ఏ ఊరి సెంటరో చెప్పను. ఇక్కడ సగం మందికి తెలుసు, మిగతావారు పక్కవారిని అడగవచ్చు.

ఆ సంస్థ గురించి ఇంటివారికి తెలియకపోవచ్చు గనుక రెండు ముక్కలు. 1920లో మద్రాసులో రిజిస్టరైంది. 1921లో కలకత్తాలో వైస్రాయ్ ఛేమ్స్‌ఫర్డ్ ప్రారంభించాడు. 1935లో రాయల్ చార్టర్ వచ్చింది. ప్రధాన కార్యాలయం కలకత్తాలో గోఖలే రోడ్డులో. హైదరాబాదులో ఖైరతాబాద్ కూడలి దగ్గర విశ్వేశ్వరయ్య భవనం మీరు చూసే ఉంటారు, అది మన రాష్ట్ర కేంద్రంగా కట్టినదే. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ అన్న తేడా లేకుండా ఇంజనీర్లందరికీ అది ఒక గొడుగు. ఇవన్నీ ఒక ఎత్తు. 1928 నుంచి ఆ సంస్థ పరీక్షలు పెట్టడం ఒక ఎత్తు. ఎ.ఎం.ఐ.ఇ. అంటే అదే. కాలేజీకి వెళ్లకుండా, ఉద్యోగం చేసుకుంటూ, సెక్షన్ ఎ, సెక్షన్ బి పాసైతే ఇంజనీరింగ్ డిగ్రీతో సమానంగా చూసేవారు.

నా బోటి వాడికి ఆ పరీక్ష ఏమిటో చెబుతాను. నేను డిప్లొమా చదివి 1966లో సూపర్‌వైజర్‌గా చేరాను. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదవాలని ఉండేది గానీ, మా నాన్నగారికి ఉన్నది రెండెకరాలు, పెళ్లి కావలసిన ఆడపిల్లలు ముగ్గురు. ఎవరినీ తప్పు పట్టే పని లేదు. 1968లో ఎ.ఎం.ఐ.ఇ.కి పేరు నమోదు చేసుకున్నాను. నాకు సబ్‌స్టేషన్‌లో నైట్ డ్యూటీ. గంటకోసారి లాగ్ షీటులో రీడింగులు రాయాలి. ఆ రీడింగుకీ ఈ రీడింగుకీ మధ్య నా చదువు. ట్రాన్స్‌ఫార్మర్ హోరు నాకు జోలపాట కాకుండా ఉండటానికి నిలబడి చదివేవాణ్ణి. లెక్కలు ఎలాగో లాక్కొచ్చాను గానీ, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ దగ్గర బండి ఆగిపోయింది. రెండుసార్లు తప్పాను.

అప్పుడు మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవారు. ఇరిగేషన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. లోకల్ సెంటర్‌లో పాత సభ్యుడు. ఎవరో చెబితే వెళ్లాను. "ఎంతవరకు వచ్చింది?" అన్నారు. చెప్పాను. "రేపటి నుంచి పొద్దున్నే ఆరింటికి రా" అన్నారు, అంతే. ఆరు నెలలు చెప్పారు. పంతులుగారికి ఇచ్చినట్టు ఏదో ఇవ్వబోతే కోప్పడ్డారు. ఆయన ఇంటి వసారాలో దూలానికి వంపు ఎక్కడ ఎక్కువ వస్తుందో వేలితో చూపించి చెప్పిన పాఠం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. 1971లో సెక్షన్ ఎ, 1975లో సెక్షన్ బి పూర్తయ్యాయి. కలకత్తా నుంచి కవరు వచ్చిన రోజు నేను తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లాను. కాగితం చదివి కళ్లజోడు తీసి, "ఇక సెంటర్ పని చూడు" అన్నారు. అభినందనలు కూడా చెప్పలేదు!

అలా ఈ కొలువులో చేరాను.

మొదట్లో నా పని కుర్చీలు సర్దడం. తర్వాత కమిటీ మెంబరు. 1981 నుంచి 1985 వరకు గౌరవ కార్యదర్శి. గౌరవం అనే మాటకు అర్థం జీతం లేదని, మిగతా అంతా ఉందని. నెలకో ఉపన్యాసం పెట్టాలి. ఉపన్యాసకుణ్ణి బతిమాలాలి, ఆయనకు కారు బతిమాలాలి, హాలు బతిమాలాలి, చివరికి వినేవాళ్లను బతిమాలాలి. రెండు వందల పైచిలుకు సభ్యులకు 15 పైసల కార్డులు. నోటీసు సైక్లోస్టైల్ అయినా, కార్డుల మీద అడ్రసులు మాత్రం మా ఆవిడ చేతిరాతే. పిల్లలను పడుకోబెట్టి దీపం దగ్గర కూర్చుని రాసేది. మా సెంటర్ సభ్యుల్లో చాలామంది ఇంటి నంబర్లు ఆమెకు నోటికి వచ్చు. మొన్న ఒకాయన మా ఇంటికి వచ్చి పేరు చెప్పగానే, "బ్రాడీపేట నాలుగో లైను కదూ" అంది. ఆయన బిత్తరపోయాడు.

ఒకసారి అరవై మందికి కాఫీ చెబితే ఏడుగురు వచ్చారు. ఆ ఏడుగురిలో నేనొకణ్ణి, ఉపన్యాసకుడొకరు. ఆయన విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రొఫెసర్. ఐదుగురికి గంటసేపు అరవై మందికి చెప్పినట్టే చెప్పి వెళ్లారు. కాఫీలు మాత్రం మా ఇంటి చుట్టుపక్కల వాళ్లు కూడా తాగారు.

ఇంకొకటి. ఉపన్యాసం 40 నిమిషాలే అని కమిటీలో తీర్మానించి, గంట కొట్టే బాధ్యత నాకు అప్పగించారు. మా పూజగదిలో గంట తెచ్చి బల్ల మీద పెట్టాను. మొదటి బోణీ ఎవరో తెలుసా? ఒక సూపరింటెండింగ్ ఇంజనీరు. నేను అప్పటికి అసిస్టెంట్ ఇంజనీరును. మన డిపార్టుమెంటులో ఎస్‌.ఇ. మాట్లాడుతుంటే ఎ.ఇ. దగ్గడానికి కూడా ఆలోచించే రోజులవి. 40 నిమిషాలైంది, 45 అయింది. చెయ్యి వణికింది గానీ కొట్టాను. హాలు నిశ్శబ్దం. ఆయన ఆగి, నావైపు చూసి, "గంట అయిందా? సరే" అని దిగిపోయారు. తర్వాత కాఫీ దగ్గర పిలిచి, "నువ్వు ఆఫీసులో ఇలా కొట్టవు కదా" అని నవ్వారు. కొట్టను మరి.

ఆ హాల్లో తేడా అదే. అక్కడ ఎవరి కాన్ఫిడెన్షియల్ రిపోర్టూ ఎవరి చేతిలోనూ లేదు. మెమో ఇవ్వలేం, ట్రాన్స్‌ఫర్ చెయ్యలేం. కార్యదర్శి చేతిలో ఉన్నది ఒక్క నోరే, అది కూడా మెత్తగా వాడాలి. ఆఫీసులో నేను చెబితే జరిగే పనులు అక్కడ అడిగితే గానీ జరగవు. నాకు మొదట రెండేళ్లు అది ఒంటబట్టలేదు. సెంటర్‌లో కూడా ఆర్డర్లు వేసి, ఇద్దరు మంచి కమిటీ మెంబర్లను పోగొట్టుకున్నాను.

ఆ హాలు వల్ల ఊరికి ఏం ఒరిగింది అని మా అబ్బాయి ఒకసారి అడిగాడు. వాడికి 1977 సంగతి చెప్పాను, మీకూ చెబుతాను. నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. వేలమంది పోయారు. మనవాళ్లు చాలామంది అక్కడ లైన్లు నిలబెట్టడానికి వెళ్లారు, నేనూ వెళ్లాను. నీళ్లలో, శవాల మధ్య పని. దాని గురించి ఇక్కడ ఎక్కువ మాట్లాడను. తిరిగి వచ్చాక సెంటర్‌లో ఒక సమావేశం పెట్టారు. మేము ఎలక్ట్రిసిటీ వాళ్లం, గాలి ఇంత, స్తంభాలు ఇన్ని పోయాయి అని చెప్పుకుపోతున్నాం. వెనక వరసలో ఇరిగేషన్ సూపర్‌వైజర్ ఒకతను లేచి, "మీ స్తంభాలు విరిగాయా, వాలాయా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు! మా లెక్కలో రెండూ "పడిపోయినవి" అనే కాలమ్‌లోనే ఉన్నాయి. అతను చెప్పాడు: విరిగితే స్తంభం బలం చాలలేదని, వాలితే కింద నేల పట్టు ఇవ్వలేదని. నానిన నల్లమట్టిలో ఎంత గట్టి స్తంభం పాతినా గొయ్యి సరిగా లేకపోతే అది నిలబడదు, గట్టి స్తంభానికి పెట్టిన డబ్బు దండగ. గాలి వేగం రెండింతలైతే దాని తాకిడి నాలుగింతలవుతుందని మాకు పుస్తకంలో తెలుసు. నేల సంగతి అతనికి చేతిలో తెలుసు. మళ్లీ వెళ్లినప్పుడు మా గ్యాంగులు పడిన స్తంభాలను రెండు కాలమ్‌లుగా రాసుకున్నాయి. ఆ ప్రశ్న మా ఆఫీసుకు ఫైలు మీద రావాలంటే రెండు డిపార్టుమెంట్లు, ఎన్నో సంతకాలు దాటాలి. వెనక వరస నుంచి అర నిమిషంలో వచ్చింది.

ఇక పదవుల సంగతి. 1987లో చైర్మన్‌కు పోటీ చేసి ఓడిపోయాను. మూడు డిపార్టుమెంట్ల లెక్కలు, ఇంకా ఏవో లెక్కలు. ఇంజనీర్లం కదా, లెక్కల్లో మనకు లోటు లేదు. కొన్నాళ్లు ముఖం చాటేశాను. "కార్డులు రాసే పని తప్పింది" అని మా ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను గానీ, "సాయంత్రాలు ఇంట్లో ఉండి అందరి మీదా విసుక్కుంటున్నారు, వెళ్లండి" అంది. 1989లో చైర్మన్ అయ్యాను. ఇక్కడి నుంచి చెప్పేది నేను ఇంతకు ముందు ఏ సభలోనూ చెప్పలేదు.

నేను కార్యదర్శిగా ఉండగా 1982లో ఎ.ఎం.ఐ.ఇ. విద్యార్థులకు సాయంత్రం తరగతులు పెట్టాం. మునిసిపల్ స్కూల్లో ఒక గది. ఆరున్నర నుంచి ఎనిమిదింబావు దాకా. చెప్పేవాళ్లం మేమే, ఫీజు లేదు. నేను మెషీన్స్ చెప్పేవాణ్ణి. వచ్చేవాళ్లంతా నా బోటి వాళ్లే, డిప్లొమా చేసి సబ్‌స్టేషన్లలో, కాలువల మీద, వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు. కొందరు డ్యూటీ దిగి, నూనె చేతులతోనే వచ్చేవారు. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే.

చైర్మన్ అయ్యాక సొంత భవనం పిచ్చి పట్టింది. అన్ని సెంటర్లకూ పట్టే పిచ్చే అది. 1990లో హాలు పూర్తయింది. అప్పు మిగిలింది. అప్పు తీరాలంటే సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా హాలును మీటింగులకు అద్దెకివ్వాలి. తరగతులు కూడా సొంత భవనంలోనే జరగాలని నా పట్టుదల. అందుకని తరగతుల టైము ఏడున్నర నుంచి తొమ్మిదింబావుకు మార్చాను. కమిటీలో ఎవరూ కాదనలేదు. విద్యార్థులను అడగలేదు. అడగాలని తట్టలేదు. కొత్త హాలు, ఫ్యాన్లు, నల్లబల్ల, ఇంకేం కావాలి అనుకున్నాను. హాజరు తగ్గింది. ఈకాలం కుర్రాళ్లకు శ్రద్ధ లేదని వార్షిక నివేదికలో రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ ఆ ఫైల్లో ఉంటుంది.

2011లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లాను. వరసలో నా ముందు ఒకతను తిరిగి చూసి నమస్కారం పెట్టాడు. జుట్టు నెరిసింది గానీ గుర్తుపట్టాను. తరగతిలో ముందు వరసలో కూర్చునేవాడు, చురుకైనవాడు. ఆ ఏడాదే రిటైరయ్యాడట. ఏ హోదాలో అని అడిగాను. ఏ హోదాలో చేరాడో దానికి ఒక మెట్టు పైన. "ఎ.ఎం.ఐ.ఇ. పూర్తి చెయ్యలేదా?" అన్నాను. "రెండు పేపర్లు మిగిలిపోయాయి సార్" అన్నాడు. ఎందుకని అడిగాను. చాలాసేపు చెప్పలేదు. వరస కదిలింది, మేమూ కదిలాం. అప్పుడు చెప్పాడు: "మా ఊరికి ఆఖరి బస్సు ఎనిమిదీ నలభైకి సార్. మీరు టైము మార్చారు, బస్సు టైము మారలేదు."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. "అప్పుడే చెప్పకపోయావా" అన్నాను. "మీరు చైర్మన్ గారు కదా సార్" అన్నాడు. ఎస్‌.ఇ. గారి మీద గంట కొట్టానని గొప్పగా చెప్పుకునే నా ముందు లేచి ఒక్కమాట చెప్పడానికి అతనికి ధైర్యం చాలలేదు. చాలనివ్వనిది నేనే.

ఆ రాత్రి ఇంట్లో పాత హాజరు పట్టీలు తీసి చూశాను. 1990లో ఊరి బయటి నుంచి వచ్చేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. ఊళ్లో వాళ్లు మిగిలారు. విరిగినవా, వాలినవా అని నేను చూసుకోలేదు. అన్నీ ఒకే కాలమ్‌లో వేశాను.

తర్వాత 2012 డిసెంబర్‌లో కేంద్ర మానవ వనరుల శాఖ ఉత్తర్వు వచ్చింది. 2013 మే 31 వరకు పేరు నమోదు చేసుకున్నవారికే ఇలాంటి పరీక్షలకు డిగ్రీతో సమానంగా గుర్తింపు అన్నారు. అంటే 1928 నుంచి తెరిచి ఉన్న తలుపు మూసుకుంటోంది. ఎందుకు మూశారు, ప్రమాణాలు పడిపోయాయా లేదా అన్న వాదనలు రెండువైపులా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను. నాకు అప్పటికి 67 ఏళ్లు. ఏ పదవీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో మా అబ్బాయి స్కూటర్ తీసుకుని సబ్‌స్టేషన్లు తిరిగాను. ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. డిప్లొమా కుర్రాళ్లను పట్టుకుని, "బాబూ, ఈ నెలాఖరు లోపల ఫారం పంపితే తలుపు లోపల ఉంటావు, తర్వాత బయట" అని చెప్పాను. కొందరు నేను ఏదో కోచింగ్ సెంటర్ తరఫున వచ్చాననుకున్నారు. ఒకడు ఎంత కమీషన్ అని అడిగాడు కూడా. 11 మంది ఫారాలు నింపారు. వాళ్లలో నలుగురు మొత్తం పూర్తి చేశారు, ఇద్దరికి ప్రమోషన్ వచ్చిందని కబురు చేశారు. మిగతావాళ్ల గురించి నాకు తెలియదు.

వరసలో కనబడిన అతను ఆ రెండు నెలలూ నా స్కూటర్ వెనక కూర్చుని తిరిగాడు. ఏ సబ్‌స్టేషన్‌లో ఎవరు డిప్లొమా వాళ్లో అతనికే తెలుసు. నాకు జాబితా రాసిచ్చింది అతనే. తన రెండు పేపర్ల సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను ఎత్తితే, "ఇప్పుడు రాస్తే ఏ కుర్చీ ఇస్తారు సార్" అని నవ్వేశాడు.

ఈ మధ్య, 2023 నుంచి, ఉద్యోగం చేసుకునేవాళ్లకు వీలైన వేళల్లో ఇంజనీరింగ్ తరగతులు నడపడానికి ఎ.ఐ.సి.టి.ఇ. కొన్ని కాలేజీలకు అనుమతి ఇచ్చింది. ఫీజు ఉంటుంది, ఎ.ఎం.ఐ.ఇ. లాగా పోస్టులో అయ్యేది కాదు. అయినా ఒక కిటికీ తెరుచుకుంది. అందులో చేరిన డిప్లొమా పిల్లలు నలుగురు ఆదివారం పొద్దున మా ఇంటికి వస్తున్నారు. మ్యాథమెటిక్స్‌లో వాళ్లు చాలా వెనకబడి ఉన్నారు, నేనూ మరిచిపోయాను. కలిసి చదువుకుంటున్నాం. మెషీన్స్ నేను చెప్పగలను. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పడానికి మన సంఘంలో సివిల్ వారు ఎవరైనా కావాలి. ఎండాకాలంలో మజ్జిగ, చలికాలంలో కాఫీ మా ఆవిడ ఇస్తానంది. ఆమె ఇక్కడే మూడో వరసలో ఉంది, కావాలంటే అడగండి. తరగతి తొమ్మిదింటికి. వాళ్లను అడిగే పెట్టాను, ఇద్దరు రేపల్లె వైపు నుంచి పొద్దున మొదటి బస్సుకు వస్తారు.

కార్యదర్శి గారు ఇప్పటికి రెండుసార్లు గడియారం చూశారు. ఈ బల్ల మీద గంట లేదు గాబట్టి బతికిపోయాను. నా ఫోను నంబరు సంఘం ఆఫీసులో ఉంది.